జీవకణంలోని క్వాంటం ప్రక్రియలు ఆత్మకు ప్రమాణమా?



 కొంతకాలంగా మన సత్సంగాలలో, ప్రవచనవేదికలపై, చరవాణులలో చేతులు మారే సందేశాలలో ఒక మాట తరచుగా వినవస్తున్నది. జీవకణాలలో క్వాంటం ప్రక్రియలు జరుగుతున్నాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు గనుక ఆత్మ ఉన్నదని ఆధునిక విజ్ఞానం అంగీకరించినట్లేనన్నది ఆ మాటల సారాంశం. ఇందులో పూర్వభాగం చాలమటుకు సత్యం. ఉత్తరభాగం మాత్రం దానినుండి సిద్ధించదు. ఈ రెండింటినీ విడదీసి చూపడమే ఈ వ్యాసప్రయోజనం. విజ్ఞానశాస్త్రాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. శ్రుతిమాతను దాని వాకిట సాక్ష్యంకోసం నిలబెట్టవద్దన్నదే నా మనవి.

మీమాంసకులు ఒక అధికరణాన్ని విచారించేటప్పుడు ముందుగా విషయాన్ని, పిమ్మట సంశయాన్ని, ఆపై పూర్వపక్షాన్ని నిలిపి, చివరకు సిద్ధాంతాన్ని నిర్ణయిస్తారు. మనమూ ఆ క్రమాన్నే అనుసరిద్దాం.

విషయం

గోడకు విసిరిన బంతి వెనుకకు వస్తుంది. ఇది స్థూలవస్తువుల ధర్మం. ఎలక్ట్రాన్ వంటి అతిసూక్ష్మ పదార్థం అలా కాదు. అడ్డుగోడను దాటడానికి చాలినంత శక్తి తనకు లేకపోయినా, కొన్ని సందర్భాలలో అది ఆవలివైపున కనబడుతుంది. దీనికి శాస్త్రజ్ఞులు టన్నెలింగ్ అని పేరు పెట్టారు. అలాగే అటువంటి పదార్థం ఏకకాలంలో అనేకస్థితుల సమ్మేళనంగా ఉండగలదు. ఆ సమ్మేళనం బహుసుకుమారం. చుట్టూ ఉన్న వేడిమి, కదలిక తగిలిన మరుక్షణమే చెదిరిపోతుంది. వెచ్చగా, తడిగా, అనుక్షణం చలిస్తూ ఉండే జీవకణంలో ఇటువంటి ధర్మాలకు తావెక్కడిదని చాలమంది శాస్త్రజ్ఞులు చాలకాలం శంకించడానికి కారణం ఇదే.

ఆ శంక కొన్ని చోట్ల తీరింది. 1966లో డివాల్ట్, చాన్స్ అనే ఇద్దరు పరిశోధకులు సూర్యకాంతితో బ్రతికే ఒక బాక్టీరియాలో ఎలక్ట్రాన్ల ప్రయాణాన్ని కొలిచారు. సాధారణంగా చల్లబరిచినకొద్దీ రసాయనచర్య మందగించాలి. అక్కడ మాత్రం ఒక హద్దు దాటిన తరువాత ఎంత చల్లబరిచినా వేగం తగ్గలేదు. ఎలక్ట్రాన్ అడ్డుగోడను ఎక్కి దాటడం లేదని, దాని గుండానే వెళుతున్నదని అందువల్ల తెలిసింది. మన ఉచ్ఛ్వాసనిశ్వాసాలకు సంబంధించిన వ్యవహారమూ ఇటువంటిదే. కణంలోని మైటోకాండ్రియాలో ఆహారంనుండి వెలువడిన ఎలక్ట్రాన్లు ఒక మజిలీనుండి మరొక మజిలీకి చేరి, తుదకు మనం పీల్చిన ప్రాణవాయువుతో కలుస్తాయి. ఆ మజిలీల మధ్య దూరం సాధారణంగా 1.4 నానోమీటర్లకు మించదు. ఆ దూరాన్ని అవి టన్నెలింగ్ ద్వారానే దాటుతాయి. ఈ వాక్యం చదివేలోగా మీ దేహంలో అది లెక్కకు అందనన్ని పర్యాయాలు జరిగింది.

1989లో జుడిత్ క్లిన్‌మన్ అనే విదుషి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, ఈస్టులోని ఒక ఎంజైమును పరిశీలించారు. సాధారణ హైడ్రోజన్ స్థానంలో దాని బరువైన రూపాలను ఉంచి చర్యావేగాలను పోల్చి, ఎలక్ట్రాన్‌కంటే దాదాపు రెండువేల రెట్లు బరువైన హైడ్రోజన్ కేంద్రకం సైతం టన్నెలింగ్ చేస్తున్నదని నిరూపించారు.

యూరపులోని రాబిన్ అనే చిన్నపక్షి రాత్రివేళ వలస పోతూ భూమి అయస్కాంతక్షేత్రాన్ని అనుసరించి దిక్కు తెలుసుకొంటుంది. దాని కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే మాంసకృత్తుపై నీలికాంతి పడినప్పుడు రెండు ఎలక్ట్రాన్లు జంటగా ఏర్పడతాయని, వాటి స్పిన్ అనే క్వాంటం ధర్మంపై భూ అయస్కాంతప్రభావం పడుతుందని ఒక సిద్ధాంతం. అటువంటి జంటలు పక్షికి దిక్సూచి కాగలవని 1978లోనే షుల్టెన్ ప్రతిపాదించారు. 2021లో రాబిన్ పక్షికి చెందిన క్రిప్టోక్రోమ్ అయస్కాంతక్షేత్రానికి స్పందించడాన్ని పరిశోధనశాలలో చూడగలిగారు. బ్రతికి ఉన్న పక్షి కంటిలో అదే జరుగుతున్నదని నేరుగా చూపవలసిన పని ఇంకా మిగిలే ఉన్నది.

ఇక ఆకుపచ్చని ప్రపంచం. 2007లో గ్రాహం ఫ్లెమింగ్ బృందం ఒక హరితగంధక బాక్టీరియాలోని కాంతిగ్రాహక మాంసకృత్తును మైనస్ 196 డిగ్రీల శీతలంలో పరిశీలించింది. అందులో శక్తి తరంగరూపంలో ఊగిసలాడుతున్నట్లు, ఆ ఊగిసలాట 660 ఫెమ్టోసెకండ్లవరకు నిలిచినట్లు ప్రకటించింది. సెకనును లక్షకోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి మూడింట రెండువంతుల కాలమన్నమాట. అనేకమార్గాలను ఒకేసారి పరీక్షించి ఉత్తమమార్గాన్ని ప్రకృతి ఎన్నుకొంటున్నదని లోకమంతా అబ్బురపడింది. తరువాతి పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని సవరించాయి. ఆ ఊగిసలాట ప్రధానంగా అణువుల కంపనాలవల్ల కలిగినదని, శక్తి చేరవేతలో క్వాంటం సమ్మేళనానికి అంత దీర్ఘమైన పాత్ర లేదని 2020లో ఒక పెద్ద పరిశోధకబృందం సమీక్షించి తేల్చింది. కాంతి కణరూపంలో గ్రహింపబడడం, గ్రహించిన శక్తిని కొన్ని వర్ణద్రవ్య అణువులు కలసి పంచుకోవడం క్వాంటం ధర్మాలే. వాటికి ఢోకా లేదు. అతిశయోక్తి మాత్రమే తొలగింది.

సంశయం, పూర్వపక్షం

జీవకణంలో క్వాంటం ప్రక్రియలు కొన్ని నిశ్చయమైనవి, కొన్ని సంభావ్యమైనవి, కొన్ని సవరింపబడినవి. ఇవి చైతన్యస్వరూపమైన ఆత్మకు సాక్ష్యం కాగలవా? కాగలవనేవారి వాదాలు ముఖ్యంగా నాలుగు. ఆత్మ సూక్ష్మాతిసూక్ష్మమని శాస్త్రం చెప్పింది, క్వాంటం లోకమూ సూక్ష్మమే గనుక రెండూ ఒకటేనన్నది మొదటిది. క్వాంటం శాస్త్రంలో పరిశీలకుడు చూస్తేనే పదార్థస్థితి నిర్ణయమవుతుంది, ఆ పరిశీలకుడే వేదాంతంలోని సాక్షి అన్నది రెండవది. మెదడులోని సూక్ష్మనాళికలలో క్వాంటం ప్రక్రియలవల్ల చైతన్యం కలుగుతుందని రోజర్ పెన్‌రోజ్, స్టూవర్ట్ హామరాఫ్ ప్రతిపాదించారు, అదే ఆత్మస్థానమన్నది మూడవది. ఇవి అక్షరాలా సరికాకపోయినా యువతరానికి శ్రద్ధ కలిగిస్తే నష్టమేమిటన్నది నాలుగవది.

సిద్ధాంతం

మొదటి వాదానికి సమాధానం. వేదాంతంలో సూక్ష్మశబ్దానికి పరిమాణంలో చిన్నదని అర్థం కాదు. ఇంద్రియాలకు గోచరించనిదని, గ్రహించడానికి కష్టసాధ్యమైనదని అర్థం. ఎలక్ట్రాన్ ఎంత చిన్నదైనా పరికరానికి చిక్కుతుంది, లెక్కకు వస్తుంది, ఇదీ అని నిర్దేశింపబడుతుంది. అంటే అది దృశ్యం. దృశ్యాన్ని ఎంత నలిపినా, ఎంత పొడి చేసినా దృక్కు కాదు. పర్వతం దృశ్యమైతే పరమాణువూ దృశ్యమే. అన్నమయకోశాన్ని ఎంత లోతుకు తవ్వినా అన్నమయమే లభిస్తుంది. అక్కడ లభించేది అద్భుతం కాదని నేననను. అది ఆత్మ కాదని మాత్రమే అంటున్నాను. మైటోకాండ్రియాలోని ఎలక్ట్రాన్ ప్రవాహమే ప్రాణమని చెప్పడమూ ఇటువంటి తొందరపాటే. ప్రాణాపానాది పంచవృత్తులతో శాస్త్రం వర్ణించిన ప్రాణానికి, కొలతకు లొంగే విద్యుత్ప్రవాహానికి పేరులోనూ లక్షణంలోనూ భేదం ఉన్నది.

రెండవ వాదం మరింత ప్రచారంలో ఉన్నది. భౌతికశాస్త్రంలో పరిశీలన అంటే మనస్సుతో చూడడం అని కాదు. కొలిచే పరికరంతోనో, పరిసరపదార్థంతోనో జరిగే సంపర్కం. జీవకణంలో చుట్టూ ఉన్న నీటి అణువులే నిరంతరం తగులుతూ క్వాంటం సమ్మేళనాన్ని చెదరగొడుతున్నాయి. అక్కడ చూచేవాడెవడూ లేడు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి. క్వాంటం పరిశీలన తాను తాకినదానిని మార్చివేస్తుంది. వేదాంతంలోని సాక్షి దేనినీ మార్చడు. అతడు ఉదాసీనుడు, అసంగుడు. జాగ్రత్స్వప్నసుషుప్తులు వచ్చిపోతున్నా ఏ ఒక్కదానినీ కలిగించక, చెరపక, ప్రకాశింపజేసేవాడు. రంగస్థలంపై దీపం నటులనూ, ప్రేక్షకులనూ, అందరూ వెళ్ళిపోయిన తరువాత ఖాళీ వేదికనూ సమానంగా వెలిగించినట్లే. మార్చేదానిని, మార్చనిదానిని ఒకే పేరుతో పిలిస్తే వేదాంతంలో మూలస్తంభమే కదలుతుంది.

మూడవది, సూక్ష్మనాళికల వాదం. మెదడువంటి వెచ్చని పరిసరంలో అటువంటి సమ్మేళనస్థితి సెకనులో పదిలక్షలకోట్లవ వంతు కాలమైనా నిలువదని 2000లో మాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టారు. ఆ లెక్కను ప్రతిపక్షం ఆక్షేపించింది. ఆ వివాదం తీర్చడం శాస్త్రజ్ఞుల పని. మన విచారణకు దాని ఫలితంతో అవసరం లేదు. ఒకవేళ ఆ సిద్ధాంతమే గెలిచిందనుకొందాం. అప్పుడు మనస్సు పనిచేసే యంత్రం మరొకటి తెలిసినట్లవుతుంది. వేదాంతంలో మనోబుద్ధ్యహంకారచిత్తాలనే అంతఃకరణం సూక్ష్మభూతకార్యం, జడం, దృశ్యం. అది పనిముట్టు. పనిముట్టు నిర్మాణం బయటపడినంతమాత్రాన దాని వెనుకనున్న ద్రష్ట బయటపడినట్లు కాదు. ఆ సిద్ధాంతమే ఓడితే ఆత్మకు లోపమూ లేదు.

ఇక నాలుగవ వాదం. సద్బుద్ధితో అనేమాట గనుక దీనికి నిదానంగా సమాధానం చెప్పవలసి ఉన్నది. ప్రమాజ్ఞానానికి మన శాస్త్రం రెండు లక్షణాలు చెప్పింది. అది అనధిగతం కావాలి, అంటే మరొక ప్రమాణంచేత అంతకుముందు తెలియనిది కావాలి. అది అబాధితం కావాలి, అంటే తరువాతి జ్ఞానంచేత తోసివేయబడనిది కావాలి. కంటికి రూపం, చెవికి శబ్దం విషయాలైనట్లే ప్రత్యక్షానుమానాలకు లోకం విషయం, శ్రుతికి ధర్మబ్రహ్మలు విషయాలు. కంటితో సంగీతాన్ని నిరూపింపబోవడం సంగీతానికి గౌరవం కాదు. ఆత్మను ప్రయోగశాలలోనే తెలుసుకోవచ్చునంటే శ్రుతి అక్కరలేకపోతుంది. శ్రుతిని సమర్థించబోయి దాని ప్రామాణ్యాన్నే తీసివేసినవారమవుతాము.

ఎదుటి పక్షానికీ ఈ న్యాయమే వర్తిస్తుంది. ప్రత్యక్షానికి విరుద్ధమైన లౌకికవిషయంలో శ్రుతివాక్యాన్ని ప్రమాణంగా నిలపరాదని శంకర భగవత్పాదులు గీతాభాష్యంలోనే స్పష్టం చేశారు. కనుక ఎంజైము ఎలా పనిచేస్తుందో, పక్షి ఎలా దారి తెలుసుకొంటుందో ఉపనిషత్తులలో వెదకడం ఉపనిషత్తులను గౌరవించడం కాదు. క్వాంటం టన్నెలింగ్ మన ఋషులకు ముందే తెలుసునని చెప్పుకొనవలసిన అవసరం వారికి లేదు, మనకూ ఉండరాదు.

విజ్ఞానశాస్త్రానికి బాధ్యత్వమే బలం. నిన్నటి నిర్ణయాన్ని నేటి ప్రయోగంతో దిద్దుకోగలగడంవల్లనే అది వృద్ధి పొందుతున్నది. 2007 నాటి మాట 2020లో సవరింపబడడం ఆ శాస్త్రానికి అవమానం కాదు, ఆరోగ్యలక్షణం. అయితే సవరింపబడేదానిపై అబాధితమైనదానిని నిలబెడితే ఏమవుతుంది? మా ఆలయమంటపంలో ఒక ఇంజనీరింగు విద్యార్థి నన్ను అడిగిన ప్రశ్న దీనికి ఉదాహరణ. "పంతులుగారూ, ఆకులోని క్వాంటం తరంగాలే చైతన్యమని ఒక ప్రవచనంలో విని ఎంతో సంతోషించాను. ఆ ఫలితం నిలవలేదని మా అధ్యాపకులు కాగితాలు చూపించారు. ఇప్పుడు ఆ ప్రవచనంలో విన్న మిగతా మాటలను ఎలా నమ్మమంటారు?" అన్నాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు, దుఃఖం ఉన్నది. "నాయనా, కూలినది శాస్త్రం కాదు, శాస్త్రానికి మనవాళ్ళు కట్టిన పరంజా" అని చెప్పాను. ఆ పిల్లవాడు ఆలోచనాపరుడు గనుక అడిగాడు. అడగకుండా మౌనంగా గుడిమెట్లు దిగిపోయేవారు ఎందరో! ఆ వాదం నిజంగా శ్రద్ధ కలిగించిందా, శ్రద్ధను తాకట్టు పెట్టిందా అని పెద్దలు యోచించాలి.

ఒక మహనీయుని మార్గం

ఈ సందర్భంలో ఎర్విన్ ష్రోడింగర్‌ను స్మరించడం ఉచితం. క్వాంటం శాస్త్రానికి మూలమైన తరంగసమీకరణాన్ని 1926లో లోకానికిచ్చి, 1933లో నోబెల్ పురస్కారాన్ని పంచుకొన్న మహామేధావి ఆయన. 1943 ఫిబ్రవరిలో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో జీవం అంటే ఏమిటన్న విషయంపై ఉపన్యసించారు. మరుసటి ఏట అది గ్రంథమైంది. వంశపారంపర్య లక్షణాలను మోసే పదార్థం తరతరాలుగా ఎలా చెదరక నిలుస్తున్నదో క్వాంటం నియమాలతో ఆయన వివరించారు. డీఎన్ఏ నిర్మాణాన్ని 1953లో వెల్లడించిన వాట్సన్, క్రిక్‌లకు ఆ గ్రంథం ప్రేరణ ఇచ్చింది.

ఆయన వేదాంతాన్ని హృదయపూర్వకంగా ఆదరించారు. ఆ గ్రంథాంతంలో జీవబ్రహ్మైక్యాన్ని ప్రస్తావించారు కూడ. కాని ఎలా ప్రస్తావించారో మనవాళ్ళు గమనించరు. అది తన స్వీయదృష్టి అని వేరుగా చెప్పి, ఉపసంహారంలో విడిగా ఉంచారు. అంతేకాదు, మన మానసికవ్యాపారాలతో ముడిపడిన శరీరక్రియలలో క్వాంటం అనిశ్చితికి చెప్పుకోదగిన పాత్ర లేదన్నదే అక్కడ ఆయన అభిప్రాయం. ఏకచైతన్యాన్ని సమర్థిస్తూ ఆయన 1925 శరత్కాలంలోనే ఒక వ్యాసం వ్రాశారు. తరంగసమీకరణం ఆ తరువాత వచ్చినది. సమీకరణం ఆయనను వేదాంతానికి చేర్చలేదు, వేదాంతాన్ని సమీకరణంతో ఆయన నిరూపింపబూననూ లేదు. రెండు విద్యలనూ ప్రేమించినవాడు రెండింటి హద్దులనూ పాటించాడు. ఆయన పేరు చెప్పి ఆ హద్దులను చెరపడం న్యాయం కాదు.

ప్రయోజనం

ఈ విచారణ పండితవినోదం కాదు. క్వాంటం అనే శబ్దం ఇప్పుడు అంగడి సరుకైంది. మా ఊరిలో మధుమేహం ఉన్న ఒక మామ్మగారు ఎవరో అమ్మిన "క్వాంటం శక్తి" లాకెట్టు మెడలో వేసుకొని, కణాలు తమంతట తామే బాగుపడతాయని నమ్మి, వైద్యుడిచ్చిన మాత్రలు మానివేశారు. కాలిపుండు ముదిరి ఆసుపత్రిపాలయ్యారు. ఆ లాకెట్టుతోబాటు ఇచ్చిన కరపత్రంలో ప్రాణమయకోశం పేరు, ఓంకారం బొమ్మ ఉన్నాయి. ఆమె మోసపోయినది భౌతికశాస్త్రంమీద నమ్మకంతో కాదు, మన పదాలమీద గౌరవంతో. మనం వేదికలపై హద్దులు చెరిపి మాట్లాడిన మాటలే ఆ వ్యాపారికి పెట్టుబడి. కణంలో టన్నెలింగ్ జరగడం నిజమే. లోహపుముక్క దానిని రోగహరంగా మలుస్తుందనడానికి ఆధారం లేదు. ఔషధసేవనం ధర్మవిరుద్ధం కాదు, మానివేయడం భక్తి కాదు. మీ ఇళ్ళలో పెద్దలు ఇటువంటివి ధరించి మందులు మానుతున్నారేమో దయచేసి విచారించండి.

అయితే భక్తుడు ఈ పరిశోధనలకు దూరంగా ఉండాలా? ఎంతమాత్రమూ అక్కరలేదు. ముండకోపనిషత్తు విద్యలను పర, అపర అని విభజించి, నాలుగు వేదాలను, షడంగాలను సైతం అపరావిద్యలోనే చేర్చింది. బాల్యంనుండి నేను వల్లెవేసిన సంహిత, పదక్రమాలు ఏ పంక్తిలో కూర్చున్నాయో జీవకణశాస్త్రమూ ఆ పంక్తిలోనే కూర్చోదగినది. అపర అంటే నింద్యమని కాదు. అది నేర్వదగినదే, మనస్సును ఏకాగ్రం చేసేదే. తుదిగమ్యమని మాత్రం భ్రమించరాదు.

ప్రతి ఉదయం స్వామి పాదాలపై ఉంచే తులసీదళంలో సూర్యరశ్మి ఏ విధంగా బంధింపబడిందో తెలిసినవాడు ఆ దళాన్ని మరింత ఆదరంతో పట్టుకొంటాడని నా నమ్మకం. పిడికెడు తూకంలేని రాబిన్ పక్షి చీకటిలో దారి తప్పకపోవడం విన్నప్పుడు చేతులు జోడింపబడితే అది సహజం. ఆ ఆశ్చర్యం ఉపాసనకు పోషకం. కాని నమస్కరించేటప్పుడు ఇది ఆయన విభూతి అనుకొందాం. ఇదే ఆయన ఉనికికి రుజువని అనవద్దు. విభూతికి రుజువుల భారం ఉండదు. రేపు మరొక ప్రయోగం మరొక విధంగా చెప్పినా దళం దళమే, నమస్కారం నమస్కారమే.

ఆత్మను తెలియగోరువారికి శ్రవణమనననిదిధ్యాసనాలు, శమదమాది సాధనసంపత్తి, గురుశుశ్రూష విహితమార్గాలు. కణాన్ని తెలియగోరువారికి ప్రయోగశాల, గణితం, ఓర్పు మార్గాలు. మన పిల్లలు రెండు మార్గాలలోనూ నడవగలరు. ఏ మార్గంలో ఏ పాదరక్షలు విడవాలో, ఏవి తొడగాలో చెప్పే బాధ్యత మనది. కనుక మీకు అటువంటి సందేశం చేరినప్పుడు పదిమందికి పంపకముందు ఒక్క ప్రశ్న వేసుకొనండి. ఇది చూడబడినదాని గురించి చెబుతున్నదా, చూచేవానిని గురించి చెబుతున్నదా? చూడబడినదైతే శాస్త్రజ్ఞులను అడగండి. చూచేవాడైతే గురువును ఆశ్రయించండి.

స్వస్తి.